పోకర్ బల్ల దగ్గర వదలని నాలుగు అలవాట్లు: 28 శనివారాల డైరీ

ఆట, హద్దులు

నేను టెక్సాస్ రాష్ట్రంలో, ఆస్టిన్ నగరానికి ఉత్తరాన ఉంటాను. శనివారం మధ్యాహ్నాలు దగ్గరలోని ఒక కార్డు క్లబ్బులో నో-లిమిట్ టెక్సాస్ హోల్డెమ్ ఆడతాను. పోకర్‌లో ఇదొక రకం: ఒక్కొక్కరి చేతిలో రెండు ముక్కలు, బల్ల మీద అందరికీ కలిపి అయిదు ముక్కలు, పందేనికి పైహద్దు లేదు. బ్లైండ్లు, అంటే ముక్కలు చూడకముందే ఇద్దరు తప్పనిసరిగా కట్టే చిన్న, పెద్ద పందేలు, 1, 3 డాలర్లు. కూర్చునేటప్పుడు 300 డాలర్ల చిప్స్ తీసుకుంటాను, అంటే 100 పెద్ద బ్లైండ్లు. ఆట నడిపేవారు ఆటలోంచి లాభం తీసుకోవడానికి ఈ రాష్ట్ర చట్టం ఒప్పుకోదు కాబట్టి ఇక్కడి క్లబ్బులు పాట్‌లోంచి, అంటే పందేలన్నీ చేరే కుప్పలోంచి, వాటా తీయకుండా కుర్చీ రుసుము వసూలు చేస్తాయి. మా క్లబ్బులో అది గంటకు 13 డాలర్లు. ఏడాదికి 2,500 డాలర్లకు మించి పోగొట్టుకోకూడదని, ఆ హద్దు తాకిన రోజున ఆట ఆపేయాలని నా భార్యా నేనూ ముందుగానే అనుకున్నాం. కింద ప్రతి దశ చివర ఇచ్చిన మొత్తాలను ఆ హద్దుతో పోల్చి చూడాలి.

నాలుగేళ్లుగా ఆడుతున్నాను, నాలుగేళ్లుగా అవే తప్పులు చేస్తున్నాను. పుస్తకాలు చదివిన తర్వాత కూడా అవి పోలేదు, ఎందుకంటే అవి తెలియక చేసే తప్పులు కావు. అందువల్ల ఈసారి కొత్తగా ఏమీ నేర్చుకోకుండా, ఉన్న తప్పులను లెక్కపెట్టి, ఒక్కో దశలో ఒక్కదాన్నే పట్టుకుని పనిచేశాను.

తెలుగు రాష్ట్రాల్లో ఉన్నవారికి ఒక మాట. డబ్బు పెట్టి ఆన్‌లైన్‌లో ఆడే పేకాటను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో చట్టసవరణ ద్వారా నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన చట్టం ఆ నిషేధాన్ని దేశమంతటికీ విస్తరించింది. ఈ డైరీలోని కొలతల్లో మొదటి రెండింటిని ఇంట్లో చింతగింజలతో ఆడుకుంటూ కూడా తీసుకోవచ్చు. మిత్రుల ఇంట్లో రెండు సాయంత్రాలు అలా ఆడి చూశాను. డబ్బు లేనప్పుడు మూడో అలవాటు అసలు బయటపడదు.

నేను లెక్కకు తీసుకున్న అలవాట్లు ఇవి.

1. పనికిరాని ముక్కలతో ఆటలోకి దిగడం.
2. చివరి ముక్క, అంటే రివర్ పడ్డాక, ఎదుటివాడు పెద్ద పందెం వేస్తే ఓడిపోయానని లోపల తెలిసి కూడా కాల్ చేయడం, అంటే అంతే డబ్బు కట్టి ఆటలో నిలవడం.
3. పెద్ద పాట్ పోగొట్టుకున్న తర్వాతి గంటలో విచ్చలవిడిగా ఆడడం.
4. లేవాల్సిన సమయానికి లేవకపోవడం.

దశ 0: ఏమీ మార్చకుండా కొలవడం (4 రోజులు, 21 గంటలు)

మొదట ఫోనులో నమోదు చేయాలనుకున్నాను. అది రెండు గంటల్లోనే విఫలమైంది. చేతిలో ముక్కలు ఉన్నంతసేపూ ఫోను ముట్టుకోకూడదని క్లబ్బు నియమం; ముక్కలు వదిలేసి ఫోను తీసేలోపు తర్వాతి పంపకం మొదలయ్యేది. తర్వాత కాగితం మీద గీతలు గీసి చూశాను. పక్కన కూర్చున్నవారు ఏం రాస్తున్నారని అడగడం మొదలుపెట్టారు; సమాధానం చెబుతూ రెండు పంపకాలు లెక్క తప్పాను.

చివరికి పనిచేసిన పరికరం నామజపానికి వాడే వేలి కౌంటరు. ఉంగరంలా తొడుక్కుని బొటనవేలితో నొక్కితే అంకె పెరిగే చిన్న యంత్రం అది. మా అమ్మ దగ్గర ఒకటి ఉంది. అడిగితే, "అది జపానికి వాడుకునేది నాయనా, ఆటకు వేరేది కొనుక్కో" అంది. ఆమె మాట సరైనదే కాబట్టి రెండు కొత్తవి కొన్నాను. ఎడమచేతిది ప్రతి పంపకానికీ, కుడిచేతిది నేను ఇష్టపూర్వకంగా డబ్బు పెట్టి ఆటలోకి దిగిన ప్రతిసారీ నొక్కాలి. బ్లైండ్ రూపంలో తప్పనిసరిగా కట్టే డబ్బు ఇందులో లెక్కకు రాదు.

నమోదు చేసే క్రమం ఇది.

1. డీలర్ పంచడం మొదలుపెట్టగానే ఎడమచేతి కౌంటరు నొక్కాలి.
2. కాల్ గానీ రైజ్ (పందెం పెంచడం) గానీ చేస్తే కుడిచేతి కౌంటరు నొక్కాలి.
3. రివర్ మీద కాల్ చేస్తే, ఆ పంపకం ముగిశాక జేబులోని చిన్న పుస్తకంలో మూడు అంకెలు రాయాలి: పాట్ ఎంత, పందెం ఎంత, గెలిచానా లేదా.
4. అరగంటకోసారి డీలర్ మారినప్పుడు ఎడమ కౌంటరు చూడాలి. 12 నుంచి 14 మధ్య పెరిగి ఉండాలి. 10 కంటే తక్కువ ఉంటే నొక్కడం మరిచిపోయినట్లు.

నాలుగో మెట్టును రెండో రోజు చేర్చాను. మొదటి రోజు లెక్కలో ఎన్నో పంపకాలు తప్పిపోయాయని అనుమానం వచ్చి, ఆ రోజు కొలతలను పక్కనపెట్టి దశను మళ్ళీ మొదలుపెట్టాను.

ఫలితం: 546 పంపకాలు, అందులో 197 సార్లు దిగాను, అంటే 36.1 శాతం. తొమ్మిదిమంది బల్ల దగ్గర నేను పెట్టుకున్న లక్ష్యం 22 శాతం.

రివర్ మీద 31 కాల్స్ చేసి 7 గెలిచాను. ఈ అంకెను ఇలాగే చూసి వదిలేస్తే ఏమీ తేలదు, పందెం పరిమాణాన్ని బట్టి విడదీయాలి. పాట్‌లో సగమో అంతకంటే తక్కువో ఉన్న పందేలను 14 సార్లు కాల్ చేసి 5 గెలిచాను. సగం పాట్ పందేనికి కాల్ చేస్తే నాలుగింట ఒకసారి గెలిచినా నష్టం ఉండదు కాబట్టి అక్కడ తప్పు లేదు. సగానికి మించిన పందేలను 17 సార్లు కాల్ చేసి 2 మాత్రమే గెలిచాను. పాట్ అంత పందేనికి మూడింట ఒకసారి గెలవాలి. నేను ఎనిమిది, తొమ్మిదిసార్లకు ఒకసారి గెలిచాను. "నేను ఎక్కువ కాల్స్ చేస్తాను" అని ఇన్నేళ్లూ నన్ను నేను తిట్టుకున్నది సరైన నిర్ధారణ కాదు. నా తప్పు పెద్ద పందేల దగ్గర మాత్రమే ఉంది.

*ఇప్పటివరకు: 21 గంటలు, 546 పంపకాలు. బల్ల మీద −540, కుర్చీ రుసుము −273. మొత్తం −813 డాలర్లు.*

దశ 1: ఆటలోకి దిగే ముక్కలు (5 రోజులు, 24 గంటలు)

హోల్డెమ్‌లో రెండు ముక్కలు వచ్చే విధానాలు మొత్తం 1,326; గుర్తుల తేడాను పక్కనపెడితే 169 రకాలు. ఒక్కో కుర్చీ స్థానానికి ఏయే రకాలు ఆడాలో తొమ్మిది వరుసల పట్టిక తయారు చేసి, రెండు వారాలు కంఠస్థం చేశాను. బల్ల దగ్గర కూర్చున్నాక ఆరో వరుసకూ ఏడో వరుసకూ తేడా గుర్తురాలేదు, గుర్తురానప్పుడల్లా నాకు ఇష్టమైన వైపే మొగ్గాను. ఇంత చిన్న పందేల ఆటకు అంత సూక్ష్మమైన పట్టిక అక్కరలేదని తేల్చుకుని మూడు వరుసలకు కుదించాను: ముందు మాట్లాడే మూడు స్థానాలు, మధ్యవి, చివరి రెండు. బ్లైండ్లలో ఉన్నప్పుడు మధ్య వరుసే వాడాను.

ఈ దశలో 624 పంపకాలకు 168 సార్లు దిగాను: 26.9 శాతం. అంటే సగానికి పైగా మార్పు వచ్చింది కానీ లక్ష్యం అందలేదు. దిగిన 168లో 41 పట్టికకు విరుద్ధమైనవి. ఆ 41లో 33 ఒకే గుర్తు ముక్కలు: ఆటీన్ రాజు, ఆటీన్ నాలుగు లాంటివి. రెండు ఎర్ర ఆటీన్లు కనిపించగానే నా చెయ్యి చిప్స్ వైపు వెళ్తోందని ఇంత కచ్చితంగా నాకు ముందెప్పుడూ తెలియదు.

అందుకే ఆ ఒక్క విషయం మీద లెక్క వేసి పుస్తకం మొదటి పేజీలో రాసుకున్నాను. ఒకే గుర్తు ముక్కలు రెండు చేతిలో ఉంటే, బల్ల మీద పడే మొదటి మూడు ముక్కల్లోనే (ఫ్లాప్) ఫ్లష్, అంటే ఒకే గుర్తు ముక్కలు అయిదు, పూర్తయ్యేది వందకు ఒకసారి కూడా కాదు. అయిదు ముక్కలూ చూసినా ఆ గుర్తుతో ఫ్లష్ పడేది నూటికి ఆరేడుసార్లు. ఫ్లాప్ మీద నాలుగు ముక్కల ఆశ మిగిలేది నూటికి పదకొండుసార్లు. నేను ఆడినవన్నీ ఈ పదకొండు కోసమే. ఆ ఆశ కలిగాక కూడా, చివరి రెండు ముక్కలూ చూస్తే పూర్తయ్యేది మూడింట ఒకసారికి కొంచెం పైన మాత్రమే. దిగడానికి అయ్యే 3 డాలర్లు చిన్నవే. వాటి వెంట పోయే 30, 60 డాలర్ల దగ్గర అసలు నష్టం ఉంది.

పదమూడు ముక్కల రమ్మీలో ఈ నిగ్రహం నాకు పుట్టుకతో వచ్చినట్లే ఉంటుంది. మొదటి డ్రాప్‌కు 20 పాయింట్లు, మధ్యలో డ్రాప్ అయితే 40, పూర్తిగా ఓడితే 80 అని చిన్నప్పటి నుంచీ తెలుసు కాబట్టి, చెడ్డ ముక్కలు వస్తే ఏమాత్రం బాధపడకుండా 20 ఇచ్చి తప్పుకుంటాను. పోకర్‌లో మొదటి డ్రాప్‌కు పాయింట్లే లేవు, అయినా తప్పుకోలేకపోయాను. రమ్మీలో శిక్ష ముందే అంకెల్లో కనిపిస్తుంది, పోకర్‌లో కనిపించదు. దాన్ని కనిపించేలా చేయడానికి నేను చేసిన మార్పు ఇది.

1. పట్టికకు విరుద్ధంగా దిగిన ప్రతిసారీ ఒక డాలరు చిప్‌ను విడిగా, మిగతా చిప్స్‌కు వెనక, అందరికీ కనిపించేలా పేర్చాలి.
2. ఆ దొంతరను ఆ రోజు ఆట ముగిసేవరకు కలపకూడదు.
3. ఇంటికి వెళ్ళాక దాని ఎత్తును పుస్తకంలో రాయాలి.

మొదటి మూడు రోజుల్లో పట్టిక తప్పినవి 32. దొంతర మొదలుపెట్టాక, చివరి రెండు రోజుల్లో 9.

*ఇప్పటివరకు: 45 గంటలు, 1,170 పంపకాలు. బల్ల మీద ఈ దశలో +210, మొత్తంగా −330; రుసుము −585. మొత్తం −915 డాలర్లు.*

దశ 2: రివర్ మీద పెద్ద పందేలు (6 రోజులు, 27 గంటలు)

ఈ దశకు ఎక్కువ చోటు ఇస్తున్నాను, ఎందుకంటే నా డబ్బులో అత్యధిక భాగం ఇక్కడే పోయింది. మొదట వేసిన మందు కూడా ఇక్కడే తప్పింది.

మొదటి మందు ఒక నియమం: రెండు జతల కంటే తక్కువ ఉంటే పెద్ద పందేన్ని కాల్ చేయకూడదు. రెండు రోజులు కచ్చితంగా పాటించి 22 సార్లు ముక్కలు వదిలేశాను. ఆ వదిలేయడం సరైనదో కాదో కొలిచే మార్గమే లేదని అప్పుడు తెలిసింది. ఎదుటివారు 22లో 9 సార్లు తమంతట తాము ముక్కలు చూపించారు. ఏడుసార్లు వారిదే పైచేయి, రెండుసార్లు బ్లఫ్, అంటే చేతిలో ఏమీ లేకుండా వేసిన పందెం. కానీ ఎవరు ఎప్పుడు చూపిస్తారన్నది వారి ఇష్టం కాబట్టి ఈ తొమ్మిదింటిని నమూనాగా తీసుకోవడం తప్పు. కొలవలేని నియమాన్ని ఎక్కువకాలం నమ్మలేకపోయాను. మూడో రోజు మూడు గంటల్లో నాలుగుసార్లు దాన్ని మీరాను. ఆ నాలుగింటిలో ఒకటి ఇది.

నా చేతిలో ఆటీన్ ఆసు, కళావర్ జాకీ. బల్ల మీద ఇస్పేటు జాకీ, ఆటీన్ ఎనిమిది, ఇస్పేటు అయిదు. తర్వాత డైమన్ రెండు. చివరికి ఇస్పేటు ఏడు. ఫ్లాప్, టర్న్ (నాలుగో ముక్క) రెండింటి మీదా నేనే పందెం వేశాను. ఒక పెద్దాయన మాట్లాడకుండా రెండుసార్లూ కాల్ చేశారు. రివర్ మీద పాట్ 150 ఉండగా ఆయన ముందుగా 120 వేశారు. కాల్ చేయడానికి కావలసిన గెలుపు వాటా 120ని 390తో భాగిస్తే వస్తుంది: దాదాపు 31 శాతం. ఆయన అంతవరకు ఏ ఆశతో వచ్చి ఉండవచ్చో చూస్తే, ఇస్పేట్ల ఆశ పూర్తయింది, పది–తొమ్మిదితో స్ట్రెయిట్ (వరుస అంకెల ముక్కలు అయిదు) ఆశ కూడా పూర్తయింది. ముక్క అందక బ్లఫ్‌కు దిగడానికి ఆయన దగ్గర దాదాపు ఏ చెయ్యీ మిగల్లేదు. నాకంటే చిన్న జాకీతో ఆయన 120 వేయరు. ఇదంతా నాకు ఆ క్షణంలోనే తెలుసు. కాల్ చేశాను. ఇస్పేటు రాణి, ఇస్పేటు తొమ్మిది చూపించారు.

ఆ రాత్రి ఇంటికి వచ్చి రాసుకుంటుండగా ఈ అలవాటు ఎక్కడిదో తట్టింది. మా మామయ్య ఇంట్లో సంక్రాంతి మూడు రోజులూ మూడు ముక్కలాట సాగేది. ఇద్దరే మిగిలినప్పుడు డబ్బు కట్టి షో అడగవచ్చు. ఎవరైనా షో అడగకుండా ప్యాక్ చేస్తే మామయ్య, "చూడకుండా ఎలా వదిలేస్తావురా, రాత్రంతా నిద్ర పడుతుందా?" అనేవాడు. ఎదుటివాడి ముక్కలు చూడడం అక్కడ ఆటలో సగం ఆనందం, దానికి కట్టేది పావలా, అర్ధరూపాయి. నేను టెక్సాస్‌లో 120 డాలర్లు కట్టి కొంటున్నది పాట్‌లో వాటా కాదు, షో. కాల్ చేసే క్షణంలో నా మనసులో మెదిలే మాట కూడా "గెలుస్తాను" కాదు, "చూద్దాం" అనే.

కాబట్టి నియమాన్ని తీసేసి, "చూద్దాం" అనే మాటకు అడ్డం వచ్చే ఒక పనిని పెట్టాను.

1. పాట్‌లో సగానికి మించిన పందెం వస్తే, రెండు చేతులనూ బల్ల అంచున ఉంచాలి. చిప్స్ ముట్టుకోకూడదు.
2. కావలసిన వాటాను లెక్కవేయాలి: పందేన్ని, పాట్‌కు రెండు పందేలు కలిపిన మొత్తంతో భాగించాలి.
3. ఎదుటివారు ఇలాగే పందెం వేసే, నేను గెలవగలిగే చేతులను మనసులో తెలుగులో పేరుపెట్టి చెప్పుకోవాలి. కనీసం మూడు పేర్లు రావాలి.
4. మూడు రాకపోతే ముక్కలు వదిలేయాలి.
5. వదిలేశాక ఎదుటివారు చూపిస్తున్నా చూడకూడదు. ఆ సమయంలో తల దించుకుని పుస్తకంలో రాయాలి.

అయిదో మెట్టు అన్నిటికంటే కష్టమైనది, అన్నిటికంటే బాగా పనిచేసింది కూడా. చూడడం అనే బహుమతి ఎటూ దొరకదని తెలిశాక దాని కోసం డబ్బు కట్టే ఆరాటం తగ్గింది. ఎదుటివారి ముక్కలు చూడడం వల్ల వారి ఆటతీరు తెలుస్తుంది కదా అనే అభ్యంతరం న్యాయమైనదే. ఆ సమాచారం నష్టపోవడానికి సిద్ధపడ్డాను, ఎందుకంటే నాలుగేళ్లలో ఆ సమాచారాన్ని నేను ఉపయోగించిన సందర్భం ఒక్కటీ గుర్తురాలేదు.

ఫలితం: 702 పంపకాలకు 161 సార్లు దిగాను, 22.9 శాతం. రివర్ మీద చిన్న పందేలకు 15 కాల్స్ చేసి 6 గెలిచాను; పెద్ద పందేలకు 9 కాల్స్ చేసి 3 గెలిచాను. తొమ్మిదింట మూడు గెలవడాన్ని ఫలితంగా చెప్పుకోను, అంత చిన్న సంఖ్యలో ఏదైనా జరగవచ్చు. చెప్పుకోదగినది తరచుదనం. దశ 0లో 32 పంపకాలకు ఒక పెద్ద కాల్, దశ 1లో 39కి ఒకటి, ఈ దశలో 78కి ఒకటి.

*ఇప్పటివరకు: 72 గంటలు, 1,872 పంపకాలు. బల్ల మీద ఈ దశలో −395, మొత్తంగా −725, రుసుము −936. మొత్తం −1,661 డాలర్లు.*

మధ్యలో ఒక లెక్క: డబ్బు ఎందుకు కొలబద్ద కాదు

రెండో దశలో నేను మునుపటి కంటే బాగా ఆడాను, మునుపటి దశ కంటే ఎక్కువ పోగొట్టుకున్నాను. ఇక్కడ ప్రాజెక్టును వదిలేద్దామనిపించింది కాబట్టి, ఈ దారిలో వచ్చేవారికి ఈ లెక్క అవసరం.

ఇలాంటి ఆటలో వంద పంపకాలకు ప్రామాణిక విచలనం (ఫలితం సగటు నుంచి మామూలుగా అటూ ఇటూ ఊగే దూరం) 80 నుంచి 100 పెద్ద బ్లైండ్లు ఉంటుందని ఆటగాళ్ళు సాధారణంగా అంచనా వేస్తారు. 90 అనుకుందాం. 1,872 పంపకాలంటే 18.72 వందలు, దాని వర్గమూలం 4.33, దాన్ని 90తో గుణిస్తే 389 పెద్ద బ్లైండ్లు, అంటే 1,168 డాలర్లు. కేవలం అదృష్టం వల్లనే నా ఫలితం అటో ఇటో అంత దూరం జరగడం మామూలు విషయం. బల్ల మీద నేను పోగొట్టుకున్న 725 ఆ పరిధిలోనే ఉంది. ఇంత కొద్ది ఆటలో డబ్బు చూసి నేను మారానో లేదో చెప్పడం, జ్వరం తగ్గిందో లేదో గాలి వేడిని బట్టి చెప్పడం లాంటిది.

రుసుము విషయంలో మాత్రం అదృష్టానికి చోటు లేదు. గంటకు 13 డాలర్లంటే 4.33 పెద్ద బ్లైండ్లు. గంటకు 26 పంపకాల చొప్పున, వంద పంపకాలకు 16.7 బ్లైండ్లు ముందుగానే పోతున్నాయి. ఈ అంకె చూశాకే నాలుగో అలవాటును ప్రాజెక్టులో ఉంచాలని నిశ్చయించుకున్నాను. అంతవరకు దాన్ని చిన్న విషయంగానే చూశాను.

దశ 3: పెద్ద పాట్ పోయిన తర్వాతి గంట (7 రోజులు, 30 గంటలు)

ఒక్క పాట్‌లో 180 డాలర్లు లేదా అంతకంటే ఎక్కువ పోతే దాన్ని ఒక దెబ్బగా లెక్కించి, ఆ తర్వాతి 26 పంపకాల్లో ఎన్నిసార్లు దిగానో చూశాను. మొదటి మూడు దశల్లో పూర్తిగా నమోదైన దెబ్బలు 11. తర్వాతి 286 పంపకాల్లో 118 సార్లు దిగాను: 41.3 శాతం.

ఇది ఊహించినదే. దెబ్బలను రెండు రకాలుగా విడదీశాక ఊహించనిది బయటపడింది. ఆరు దెబ్బలు అదృష్టం తిరగబడి తగిలినవి: నేను ముందంజలో ఉండగా డబ్బంతా వెళ్ళి, తర్వాతి ముక్క నన్ను ఓడించినవి. వాటి తర్వాత దిగింది 36.5 శాతం. మిగతా అయిదు నా తప్పు వల్ల తగిలినవి. వాటి తర్వాత 46.9 శాతం. అన్యాయంగా ఓడిపోవడమే నన్ను రెచ్చగొడుతుందని ఇన్నాళ్లూ నమ్మాను. నిజానికి నన్ను ఎక్కువగా చెడగొడుతున్నది సిగ్గు: అందరి ముందూ తెలివితక్కువగా ఆడానన్న భావన, దాన్ని వెంటనే చెరిపేసుకోవాలన్న తొందర.

మొదటి మందు: దెబ్బ తగలగానే లేచి పది నిమిషాలు బయట నడవడం. మూడు దెబ్బల తర్వాత చూస్తే 78 పంపకాలకు 29 సార్లు, 37.2 శాతం. ఎందుకు పనిచేయలేదో కారణం కష్టపడకుండానే దొరికింది. నడుస్తూ మిత్రుడికి ఫోను చేసి జరిగిందంతా చెప్పేవాణ్ని. అతడు "అయ్యో" అనేవాడు. పది నిమిషాలూ ఆ పాట్‌ను మళ్ళీ మళ్ళీ ఆడి తిరిగి బల్ల దగ్గరికి వచ్చేవాణ్ని.

మార్చిన పద్ధతి ఇది.

1. లేవకుండానే, వచ్చిన ముక్కలను చూడకుండా వదిలేస్తూ ఒక పూర్తి చుట్టు (తొమ్మిది పంపకాలు) ఆగాలి.
2. ఆ చుట్టులో పుస్తకంలో అయిదు వరుసలు రాయాలి: నా ముక్కలు, బల్ల ముక్కలు, డబ్బంతా వెళ్ళిన క్షణం, ఆ క్షణంలో నా వాటా, నిర్ణయం నాదా ముక్కదా.
3. నాలుగో వరుసను అంకెల్లోనే రాయాలి. ఉదాహరణకు మొదట్లోనే నా ఆసుల జత మీద ఎదుటివారి రాజుల జత వస్తే నా వాటా 82 శాతం. అంటే అయిదారుసార్లకు ఒకసారి ఓడిపోవడం ఆ ఒప్పందంలో భాగమే.
4. ఆ పంపకం గురించి ఆ రోజంతా ఎవరితోనూ మాట్లాడకూడదు.
5. ఇంటి నుంచి 300 డాలర్లూ రుసుమూ నగదుగా మాత్రమే తీసుకువెళ్ళాలి. బ్యాంకు కార్డు ఇంట్లో వదిలేయాలి.

ఆ తర్వాత నాలుగు దెబ్బలు: 104 పంపకాలకు 25 సార్లు, 24 శాతం. సంఖ్య చిన్నదే కానీ తేడా పెద్దది. అయిదో మెట్టును రెండు శనివారాలు పాటించలేదు, మరిచిపోయానని పుస్తకంలో రాశాను, మరిచిపోలేదు. ఆ రెండు రోజుల్లో ఒకరోజు మళ్ళీ 300 కొని పోగొట్టుకున్నాను.

ఈ దశ మొత్తానికి 780 పంపకాలు, దిగింది 176, అంటే 22.6 శాతం. రివర్ మీద పెద్ద కాల్స్ 11: 71కి ఒకటి. రెండో దశ కంటే కొంచెం జారింది. ఆ పదకొండులో నాలుగు ఒకే శనివారం చేసినవి. ఆ రోజు రెండో దశలోని అయిదో మెట్టును పాటించకుండా ఎదుటివారి ముక్కలు చూస్తూ కూర్చున్నాను.

*ఇప్పటివరకు: 102 గంటలు, 2,652 పంపకాలు. బల్ల మీద ఈ దశలో +160, మొత్తంగా −565, రుసుము −1,326. మొత్తం −1,891 డాలర్లు.*

దశ 4: లేవడం (6 రోజులు, 25 గంటలు)

రోజుకు నాలుగు గంటలు అన్నది మొదటి నుంచీ ఉన్న నిర్ణయమే. అప్పటివరకు ఆడిన 22 రోజులను విడదీశాను. గెలిచిన 9 రోజుల్లో ఆడింది 34 గంటలు, సగటున 3.8. ఓడిన 13 రోజుల్లో 68 గంటలు, సగటున 5.2. బాగా ఆడుతూ బలహీనుల మధ్య కూర్చున్న రోజున తొందరగా లేచి, అలసిపోయి ఓడుతున్న రోజున గంటన్నర ఎక్కువగా కూర్చుంటున్నాను. ఆ గంటన్నరకూ రుసుము విడిగా కడుతున్నాను.

ఫోనులో అలారం పెట్టి చూసింది మూడో దశలోనే. ఏడుసార్లు మోగితే ఆరుసార్లు నొక్కి ఆపేశాను. "ఈ ఒక్క చుట్టు" అనే మాటకు ఎదురుచెప్పే శక్తి అలారానికి లేదు.

అందువల్ల లేవడాన్ని నా చేతిలోంచి తీసేశాను. మా అమ్మాయి సంగీతం క్లాసు అయిదున్నరకు ముగుస్తుంది. నా భార్య ఒకటిన్నరకు నన్ను క్లబ్బు దగ్గర దింపి, తిరుగు ప్రయాణంలో ఎక్కించుకునేలా ఏర్పాటు చేసుకున్నాం. రుసుమును కూడా నాలుగు గంటలకే ముందుగా కట్టేస్తాను.

ఆరు రోజుల్లో నాలుగు రోజులు సరిగ్గా సమయానికి లేచాను. రెండు రోజులు వాళ్ళను అరగంట చొప్పున కారులో కూర్చోబెట్టాను. రెండోసారి నా భార్య, "మీ ఆట సంగతి నాకు తెలియదు కానీ, దాని హోంవర్కు సంగతి చూడండి" అంది. పుస్తకంలో ఆ రోజు కింద వేరే వ్యాఖ్య రాయలేదు. ఆ తర్వాత మూడు వారాలు ఒక్క నిమిషం కూడా ఆలస్యం చేయలేదు.

650 పంపకాలు, దిగింది 146, అంటే 22.5 శాతం. రివర్ మీద పెద్ద కాల్స్ 8: 81కి ఒకటి.

*ఇప్పటివరకు: 127 గంటలు, 3,302 పంపకాలు. బల్ల మీద ఈ దశలో +240, మొత్తంగా −325, రుసుము −1,651. మొత్తం −1,976 డాలర్లు.*

తర్వాతి దశకు సిద్ధం చేస్తున్నవి

చివరి దశలో దిగిన 146ను కుర్చీ స్థానాల వారీగా విడదీస్తే 38 చిన్న బ్లైండ్ నుంచి దిగినవి. అక్కడ ఒక డాలరు ముందే కట్టి ఉంటుంది కాబట్టి ఇంకా రెండే కదా అనిపిస్తుంది. కానీ ఫ్లాప్ తర్వాత ప్రతిసారీ అందరికంటే ముందు మాట్లాడాల్సిన స్థానం అదే. 22.5 శాతం అనే సగటు ఈ తప్పును ఇంతకాలం దాచింది. పట్టికలో చిన్న బ్లైండ్‌కు విడిగా నాలుగో వరుస చేర్చాను. డాలరు చిప్స్ దొంతరను ఆ ఒక్క వరుసకే వాడబోతున్నాను.

ఏడాది హద్దులో మిగిలింది 524 డాలర్లు. నాలుగు గంటల రుసుము 52 కాబట్టి, బల్ల మీద లాభనష్టాలు లేకుండా ఆడితే పది శనివారాలు వస్తాయి. వచ్చే శనివారం నుంచి 300కు బదులు 200తో కూర్చుంటాను.